టెక్ సందేహాలు: పదేళ్ల పాపకు ఏ కుట్టుమిషన్ కొనాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా పాపకు పదేళ్లు. బొమ్మలకు గౌన్లు చేత్తోనే కుట్టేస్తుంది. వేసవి సెలవుల్లో మిషన్ కొనిపెట్టమని ఒకటే పోరు. ఆన్‌లైన్‌లో పిల్లల మినీ మిషన్ పదిహేను వందలకే కనిపిస్తోంది. నేర్చుకోవడానికి అది చాలదా?

జవాబు: చాలదండీ. డబ్బు దండగ కావడం ఒక్కటే అయితే నేనింత గట్టిగా చెప్పను. ఆ మిషన్ మీద పాప ఉత్సాహమే చచ్చిపోతుంది.

మిషన్ కుట్టుకు రెండు దారాలు కావాలి. పైదారాన్ని సూది గుడ్డలోంచి కిందికి దించుతుంది. కింద షటిల్ కొక్కెం ఆ దారాన్ని పట్టుకుని బాబిన్ (అడుగున ఉండే చిన్న దారపు చుట్ట) దారం చుట్టూ తిప్పుతుంది. ఆ మెలిక సరిగ్గా గుడ్డ మధ్యలో పడాలి. 1846లో అమెరికాలో ఎలియాస్ హౌ పేటెంట్ తీసుకున్న మిషన్ దగ్గర్నుంచి ఇప్పటి కంప్యూటర్ మిషన్ వరకూ సూత్రం ఇదే. మెలిక మధ్యలో పడాలంటే పైదారం టెన్షన్, అంటే బిగువు, నిలకడగా ఉండాలి. నాలుగు పెన్సిల్ సెల్స్‌తోనో చిన్న అడాప్టర్‌తోనో నడిచే ప్లాస్టిక్ మిషన్‌లో ఆ నిలకడ ఉండదు. రెండు పొరల పలచని గుడ్డ వరకు ఎలాగో కుడుతుంది. అంచు మడిచిన చోట నాలుగు పొరలు వచ్చేసరికి మొరాయిస్తుంది. బరువు లేకపోవడంతో బల్ల మీద ఊగిపోతుంది. స్టేప్లర్‌లా చేత్తో పట్టుకుని కుట్టేవైతే ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. చివర ముడి వేయకపోతే కొస పట్టి లాగగానే కుట్టంతా ఊడిపోతుంది. తప్పు మిషన్‌దే అయినా, పదేళ్ల పిల్ల మాత్రం తనకు చేతకావడం లేదనుకుంటుంది.

నా ఓటు మామూలు చేతి మిషన్‌కే. మన ఇళ్లలో ఉండే నల్లటి ఇనుప మిషన్, పక్కన తిప్పే పిడి ఉన్నది. చెయ్యి ఆగితే సూది కూడా ఆగుతుంది. ఎంత వేగం కావాలో పిల్లే నిర్ణయించుకుంటుంది. ఏ కుట్టు ఎక్కడ పడుతోందో కళ్లారా చూస్తుంది. కుడిచేయి పిడి మీదే ఉంటుంది కాబట్టి సూది దగ్గరికి వెళ్లేది ఎడమచేయి ఒక్కటే. ఎడమచేతి వాటం పిల్లలకు మాత్రం ఇది ఇబ్బందే. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నా పర్వాలేదు, కానీ కుట్టి చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఇంటి నుంచే ఒక కాటన్ ముక్క పట్టుకెళ్లండి. ముందు రెండు పొరలు, తర్వాత నాలుగు పొరలు కుట్టించండి. కుట్టు రెండు వైపులా ఒకేలా కనిపించాలి. అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతుంటే టెన్షన్ సరిచేయించి మళ్లీ కుట్టించండి. అప్పటికీ మారకపోతే ఆ మిషన్ వద్దు.

కరెంటు మిషనే కావాలంటే ఉషా జానోమ్, సింగర్, బ్రదర్ కంపెనీల చిన్న జిగ్‌జాగ్ (వంకరటింకర కుట్టు కూడా వేసే) మోడళ్లు చూడండి. ధరలు సుమారు ₹10,000 దగ్గర మొదలవుతాయి. షాపువాళ్లు ఇందులో ఇన్ని డిజైన్లు ఉన్నాయి, అందులో అన్ని ఉన్నాయి అని ఊదరగొడతారు. పిల్లలకు కావలసింది తిన్నటి కుట్టు, జిగ్‌జాగ్, అంతే. మీరు అడగాల్సింది స్పీడ్ కంట్రోల్ గురించి. మిషన్ మీదే వేగం తగ్గించే మీట ఉంటే, పాప పెడల్‌ను గట్టిగా తొక్కినా సూది పరుగెత్తదు. పాదాలు నేలకు అందకపోతే పెడల్ కింద గట్టి పీట వేయండి. టైలర్లు వాడే జుకీ మిషన్ ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దు. దాని వేగం నిమిషానికి కొన్ని వేల కుట్లు.

మొదటి రోజు దారం ఎక్కించకండి. పాత సూది పెట్టి, రూళ్ల నోట్‌బుక్ కాగితం మీద గీత వెంబడే కుట్టించండి. గీత తప్పితే చిల్లులే చెబుతాయి. చెయ్యి కుదిరాక 14 నంబరు సూదితో గుడ్డ మీదికి రండి. గుడ్డ సంగతికొస్తే, మీ పక్కనే మంగళగిరి ఉంది. అక్కడి నేత కాటన్ సూది కింద జారదు, సాగదు, మడత పెడితే అలాగే నిలబడుతుంది. నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి గుడ్డ నాకు తెలియదు. జార్జెట్, శాటిన్ ముక్కలు ఇప్పుడే ఇవ్వకండి. మొదట దిండు గలీబు, ఆ తర్వాత గుడ్డ సంచి కుట్టించండి. గౌను తొందరేమీ లేదు.

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో ఉంటాం. మా అమ్మమ్మగారి నల్ల మిషన్ అటక మీద ఉంది. పన్నెండేళ్ల మా బాబు నేర్చుకుంటానంటున్నాడు. మోటారు పెట్టించి ఇవ్వమంటారా?

జవాబు: మిషన్ తప్పకుండా ఇవ్వండి, మోటారు మాత్రం ఇప్పుడే వద్దు. మోటారు పెడితే బెల్టు, చక్రం కప్పు లేకుండా బయటే తిరుగుతుంటాయి. చొక్కా చేతులు గానీ జుట్టు గానీ అందులో పడితే ప్రమాదం. ఏడాది పాటు చేత్తో తిప్పనివ్వండి, మోటారు ఎప్పుడైనా బిగించుకోవచ్చు. అటక మీద నుంచి దించగానే చక్రాన్ని బలవంతంగా తిప్పకండి. ముందు సూది కింద గుడ్డను జరిపే పళ్ల మధ్య పేరుకున్న దూది, నూగు బ్రష్‌తో తీయండి. నూనె రంధ్రాల్లో మిషన్ ఆయిల్ రెండేసి చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. చాలా ఇళ్లలో చేతికి అందిందని కొబ్బరినూనె వేసేస్తారు. అది కొన్నాళ్లకు జిగురులా గట్టిపడి మిషన్‌ను బిగబట్టేస్తుంది. ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే మెకానిక్‌తో విప్పించి కడిగించండి. ఈ మిషన్ల విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి.

ప్రశ్న: కొత్త మిషన్ కొని వారమే అయింది. కుట్టిన ప్రతిసారీ గుడ్డ అడుగున దారం ఉండలు కడుతోంది. బాబిన్ మార్చినా అంతే. వెనక్కి ఇచ్చేయాలా?

జవాబు: ఇవ్వడానికి ముందు ఒక్కటి చూడండి. ఉండలు అడుగున కనిపిస్తాయి కాబట్టి అందరూ బాబిన్‌నే అనుమానిస్తారు. ఎక్కువసార్లు లోపం పైదారంలోనే ఉంటుంది. దారం మొత్తం తీసేసి, ప్రెషర్ ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) పైకెత్తి మళ్లీ ఎక్కించండి. ఫుట్ కిందికి దించి ఉంటే దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకుపోయి దారం వాటి మధ్యకు వెళ్లదు, పట్టు లేకుండా అడుగుకు జారిపోతుంది. ఎక్కించాక ఫుట్ దించి దారాన్ని కొద్దిగా లాగండి, బిగుతుగా రావాలి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ వెనక్కి లాగి వేలితో నొక్కి పట్టుకోండి. ఇదంతా చేశాక కూడా ఉండలు కడుతుంటే, ఆ కుట్టిన ముక్కనే షాపుకు తీసుకెళ్లి చూపించండి. వారంటీ ఉంది కదా, సరిచేయించే బాధ్యత వాళ్లదే.