ప్రభుత్వ భవనానికి ఎవరి పేరు, ఎప్పుడు?

ప్రశ్న: అమెరికాలో ఫలానా ఫెడరల్ భవనానికి, కోర్టుకు, పోస్టాఫీసుకు ఫలానావారి పేరు పెట్టాలంటూ కాంగ్రెస్‌లో బిల్లు ప్రవేశపెట్టారన్న వార్త తరచూ చదువుతుంటాను. ఒక్క పేరు కోసం చట్టసభ అంత శ్రమ పడాలా? బతికి ఉన్నవారి పేరు పెట్టవచ్చా? ఎన్నికలలో ఎన్నడూ నిలబడని ఉద్యోగికి ఆ గౌరవం దక్కుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది అదే. దక్కుతుంది, దక్కింది కూడా. వాషింగ్టన్‌లో మేరీ స్విట్జర్ పేరుతో ఒక ఫెడరల్ కార్యాలయ భవనం ఉంది. ఆవిడ ఎవరినీ ఓటు అడగలేదు. 1920ల తొలినాళ్లలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, దాదాపు యాభై ఏళ్లు అందులోనే గడిపారు. 1950లో వృత్తి పునరావాస విభాగానికి అధిపతి అయ్యాక, వైకల్యం ఉన్నవారికి శిక్షణ ఇచ్చి వారి కాళ్లమీద వారు నిలబడేలా చేసే పథకాలను 1954 నాటి చట్టం ఆసరాగా దేశమంతటా విస్తరింపజేశారు. 1971లో ఆవిడ మరణించగా, మరుసటి ఏడాదే ఆ భవనానికి ఆమె పేరు పెట్టారు. కార్మిక శాఖ ప్రధాన కార్యాలయానికి ఉన్న ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పేరు కూడా ఇలాంటిదే. 1933 నుంచి 1945 వరకు ఆ శాఖను నడిపిన ఆమె అమెరికా మంత్రివర్గంలో చేరిన తొలి మహిళ. 1935 నాటి సామాజిక భద్రత చట్టం వెనుకా, కనీస వేతనాన్ని నిర్ణయించిన 1938 చట్టం వెనుకా ఆమె కృషి ఉంది. 1965లో ఆమె కన్నుమూసిన పదిహేనేళ్లకు, 1980లో, ఆ భవనానికి ఆమె పేరు వచ్చింది. ఈ రెండు పేర్లలోనూ నన్ను ఆకట్టుకునేది ఒకటే: ఎవరు ఏ పనికి జీవితాన్ని ధారపోశారో, ఆ పని జరిగే చోటే వారి పేరు నిలిచింది.

ఇక చట్టం సంగతి. ఫెడరల్ భవనాల బాగోగులు చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్‌కు తన అధీనంలోని భవనాలకు పేరు పెట్టే అధికారం ఉన్నా, చాలావరకు ఆ పని కాంగ్రెస్ చట్టం ద్వారానే జరుగుతుంది. పోస్టాఫీసుల విషయంలోనూ అంతే. ఇది వృథా ప్రయాస అని నేను అనుకోను. బిల్లు పెట్టినవారు ఆ వ్యక్తి చేసిన సేవ ఏమిటో సభలో చెప్పాలి, అభ్యంతరం ఉన్నవారికి మాట్లాడే అవకాశం ఉంటుంది, ఆ మాటలన్నీ రికార్డులో మిగులుతాయి. ప్రజల సొమ్ముతో కట్టిన ఇంటి మీద ఎవరి పేరు ఉండాలో ప్రజల ప్రతినిధులే బహిరంగంగా తేల్చడం న్యాయం.

బతికి ఉన్నవారి పేరు పెట్టడంపై పూర్తి నిషేధం లేదు కాని, గట్టి హద్దులున్నాయి. ఫెడరల్ భవనాల నామకరణ బిల్లులను పరిశీలించే సెనేట్ పర్యావరణ, ప్రజా పనుల కమిటీ నియమావళి ప్రకారం జీవించి ఉన్నవారిలో మాజీ అధ్యక్షులు, మాజీ ఉపాధ్యక్షులు, 70 ఏళ్లు దాటిన మాజీ కాంగ్రెస్ సభ్యులు, వయసు పైబడిన మాజీ న్యాయమూర్తులు వంటి కొద్దిమందికే మినహాయింపు ఉంది. పదవిలో ఉండి మేలో కీడో చేయగలిగినవారిని పేరుతో మెప్పించే దారిని మూసివేయడమే దీనివల్ల కలిగే పెద్ద ప్రయోజనమని నా అభిప్రాయం. అయితే ఒక సందర్భం మాత్రం నా మనసును కదిలిస్తుంది. 1977 నవంబరులో, అప్పటి ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ భవనానికి మాజీ ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ పేరు పెట్టినప్పుడు, క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయన స్వయంగా ఆ సభకు వచ్చి, పిల్లలను, వృద్ధులను, రోగులను, నిరుపేదలను ఎలా చూసుకుంటుందన్నదే ప్రభుత్వానికి అసలు పరీక్ష అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. 1978 జనవరిలో ఆయన మరణించారు. ఆ గౌరవం ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఆ మాటలు అక్కడ వినిపించేవి కావు.

మరణించినంత మాత్రాన తొందరపాటు దోషం పోదు. దాదాపు అర్ధశతాబ్దం ఎఫ్‌బీఐని ఏలిన జె. ఎడ్గార్ హూవర్ 1972 మే నెలలో మరణించగానే, అప్పటికింకా నిర్మాణంలోనే ఉన్న ఆ సంస్థ ప్రధాన కార్యాలయానికి ఆయన పేరు ఖరారైంది. భవనాన్ని అంకితం చేసినది 1975లో. అదే ఏడాది సెనేట్ ప్రత్యేక కమిటీ విచారణ మొదలై, ఆయన హయాంలో మార్టిన్ లూథర్ కింగ్ వంటివారిపై సాగిన నిఘా, వేధింపులు బయటపడ్డాయి. ఆ పేరు తొలగించాలన్న ప్రతిపాదనలు తరువాత కాంగ్రెస్‌లో పలుమార్లు వచ్చాయి. పేరు పెట్టడం ఆ విచారణ ముగిసేదాకా ఆగి ఉంటే ఇంత పేచీ ఉండేది కాదు.

మీరు అడగకపోయినా, మరొక్క ఉదంతం చెప్పాలి. అక్రమ ఆయుధాలు, పేలుడు పదార్థాల కేసులు చూసే ఏటీఎఫ్‌లో పనిచేసిన ఏరియల్ రియోస్ అనే ఏజెంటు 1982 డిసెంబరులో మయామీలో రహస్య విధి నిర్వహణలో ఉండగా హతుడయ్యాడు. వాషింగ్టన్‌లోని ఒక పెద్ద ఫెడరల్ భవనానికి అతని పేరు పెట్టారు. ఆ భవనం తరువాత పర్యావరణ పరిరక్షణ సంస్థకు నిలయమైంది, 2013లో దానికి మాజీ అధ్యక్షుడు క్లింటన్ పేరు వచ్చింది. ప్రాణమిచ్చిన ఉద్యోగి పేరును పక్కకు జరిపి అధ్యక్షుడి పేరు పెట్టడం నాకు సబబుగా తోచలేదు. ఆ లోటు తరువాత తీరింది. ఏటీఎఫ్ ప్రధాన కార్యాలయానికి రియోస్ పేరు పెట్టారు, అతని సంస్థలోని ఉద్యోగులు ఇప్పుడు ఆ పేరున్న భవనంలోనే పనిచేస్తున్నారు.