సర్వర్ ఒకటే అయినా, కంటికి కనబడేది ఒకటే కాదు

"ఆట నడిపే కంప్యూటర్, అదే సర్వర్, అందరికీ ఒకటే కదా, గేమ్‌లో ఓడిపోయినప్పుడల్లా సిస్టమ్ స్లో అని మా తమ్ముడు చెప్పేది సాకేనా?" అని అడిగారు. సాకు కాదండీ. నేను ఏళ్ల తరబడి పడ్డ బాధ అది.

డిగ్రీ చదివే రోజుల్లో హనుమకొండలో ఒక నెట్ సెంటర్‌కి పోయి కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట ఆడేవాళ్లం. పది సిస్టమ్‌లు, అన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపినవే కాబట్టి పింగ్‌లో, అంటే సర్వర్‌కి సందేశం వెళ్లి తిరిగొచ్చే సమయంలో, తేడా లేనట్టే. కానీ మూలనున్న ఒక్కదానికే తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండేది. మిగతా వాటిలో ఎవరైనా స్మోక్ గ్రెనేడ్ వేశారంటే అయిపోయినట్టే. పొగ దగ్గరికి పోగానే బొమ్మ ఆగి ఆగి కదిలేది, మౌస్ తిప్పితే గురి ఎగిరి ఎక్కడో పడేది. తెర మళ్లీ సర్దుకునేసరికి నేను చచ్చి పడి ఉండేవాణ్ణి. మూల సీటు వాడికి అదే పొగ సాఫీగా కదిలేది. ఒకరోజు పట్టుబట్టి ఆ సీటు నేను తీసుకున్నాను. రోజూ నన్ను ఓడించే స్నేహితుడు నా సీట్లో కూర్చున్నాడు. ఆ సాయంత్రం స్కోరు తిరగబడింది. ఒక్క పూటలో నా ఆట మెరుగుపడదు కదా!

సర్వర్ ఎవరి కమాండ్ ఎప్పుడు వచ్చిందో చూసి లెక్క తేలుస్తుంది. ఎదుటివాడు మీ కంటికి ఎప్పుడు కనబడ్డాడన్నది మాత్రం మీ మెషీన్ చేతిలో ఉంటుంది. తెర మీద సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు, మారితే ఒక్కో బొమ్మకి 33 మిల్లీసెకన్లు, 60 అయితే దాదాపు 17, 144 అయితే 7. పింగ్ తేడాను చాలా ఆటల సర్వర్లు కొంతవరకు సర్దుతాయి, తెర ఆలస్యాన్ని సర్దలేవు. క్వేక్ 3 అనే పాత తుపాకుల ఆటలో ఇంకా అన్యాయం: ఫ్రేము ఫ్రేముకీ వేగాన్ని రౌండ్ చేసే లెక్క వల్ల, 125 ఫ్రేములు వచ్చే సిస్టమ్ ఉన్నవాడు మిగతావాళ్లకన్నా ఎత్తు దూకేవాడు.

అలాగని వెంటనే 240 హెర్ట్జ్ (సెకనుకు 240 బొమ్మలు చూపించే) మానిటర్ కొనకండి. 30 నుంచి 60కి వస్తే ఆటే మారిపోతుంది, 144 నుంచి 240కి దక్కేది మూడు మిల్లీసెకన్లలోపే. నా లెక్కలో అసలు శత్రువు, సరిగ్గా కాల్పుల సమయంలో ఫ్రేములు పడిపోవడం. మన వరంగల్ ఎండల్లో లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడితే గాలి అందక వేడెక్కుతుంది, ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. బల్ల మీద పెట్టించండి, ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, ఆట సెట్టింగుల్లో షాడోలు (నీడలు), రిజల్యూషన్ (బొమ్మ స్పష్టత) తగ్గించమనండి. ఆడేటప్పుడు బ్రౌజర్ మూసేయమనండి.

పోటీకి పంపిస్తే మాత్రం సిస్టమ్‌లన్నీ ఒకే రకమా కాదా అని ముందే అడగండి. మేం కాలనీ పిల్లలకి పోటీ పెట్టినప్పుడు చీటీలేసి సీట్లిస్తాం, సగం రౌండ్లు కాగానే రెండు జట్లూ సీట్లు మారాల్సిందే.