మడత మెట్టా, ముడుచుకునే మెట్టా?

సందేహం: మేముండే టెక్సస్‌లో పికప్ ట్రక్కులకు కరెంటు మెట్లు పెట్టించుకుంటారు. తలుపు తీయగానే దిగుతాయి, మూశాక బండి కిందికి పోతాయి. వాటిని సొంతంగా ఎలా పెట్టుకోవాలో తెలుగులో రాస్తూ ‘రిట్రాక్టబుల్ రన్నింగ్ బోర్డు’ను ‘ఉపసంహరణీయ పాదపీఠం’ అన్నాను. మిత్రులు నవ్వారు. ‘మడత మెట్టు’ అనవచ్చా? అమర్చు, బిగించు, తగిలించు – వీటిలో ఏది సరైనది?

సమాధానం: మిత్రుల నవ్వు న్యాయమే. పాదపీఠం సింహాసనం ముందు రాజుగారు కాళ్లు పెట్టుకునేది. దాని మీదుగా ఎవరూ బండెక్కరు. ‘మెట్టు’ చాలు. మెట్టడమంటే అడుగు పెట్టడం, మెట్టినిల్లులో ఉన్నది అదే. ఇక్కడ మన దేశపు గ్యారేజీల్లో వినిపించే ‘సైడ్ స్టెప్పు’ కూడా తప్పేం కాదు. ‘ఫుట్‌బోర్డు’ మాత్రం వద్దు. ఆ మాట వింటే మనవాళ్లకు కిక్కిరిసిన బస్సే కళ్లముందు కదులుతుంది.

‘మడత’ కుదరదు. మడతమంచం, మడతకుర్చీ తమ మీదకు తామే మడత పడతాయి. ఈ మెట్టు పలక ఎక్కడా వంగదు. దాన్ని మోసే కీళ్లు తిరిగి పలకను కిందుగా లోపలికి లాక్కుంటాయి, తాబేలు కాళ్లు ముడుచుకున్నట్టు. కాబట్టి ‘ముడుచుకునే మెట్టు’. విరుగు–విరుచు లాంటిదే ముడుగు–ముడుచు జంట. వాడుకలో ‘ముడుగు’ వెనకబడి, దాని చోట ‘ముడుచుకొను’ నిలిచింది. అందుకే మెట్టు ముడుచుకుంటుంది, మోటారు దాన్ని ముడుస్తుంది. ‘మోటారు ముడుచుకుంటుంది’ అని రాశారో, మోటారే లోపలికి పోతుందనుకుంటారు.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. ఆ మూడూ సరైన తెలుగు మాటలే, కానీ ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. మొత్తం పనికి ‘అమర్చు’ వాడండి. ‘బిగించు’ను బోల్టు చివరి తిప్పుడుకు దాచుకోండి. ఎందుకంటే ఒక్కో పక్క రెండు కీళ్లుంటాయి, ఒకటి మోటారుతో, ఒకటి మోటారు లేకుండా. వాటిని బండి అడుగున పెట్టి బోల్టులు ముందు వేళ్లతోనే, వదులుగా ఎక్కించాలి. పలకను వాటి మీద కూర్చోబెట్టి, చేత్తో బయటికీ లోపలికీ ఆడించి, రెండు కీళ్లూ సమానంగా కదులుతున్నాయని చూశాకే బిగించాలి. రెండు చోట్లా ‘బిగించండి’ అని రాస్తే చదివినవాడు మొదటే పానా పట్టుకుని గట్టిగా తిప్పేస్తాడు. కీళ్లు ఒక వరసలోకి రావు. మెట్టు సగంలో పట్టేస్తుంది, మోటారు మూలుగుతుంది. ‘తగిలించు’ అంటే కొక్కేనికి వేయడం. ఈ పనిలో దానికి చోటు లేదు.

‘బ్యాటరీ కనెక్షన్ కట్ చేయండి’ అని కూడా రాయకండి, కత్తెర తెచ్చేవాళ్లుంటారు. ‘నెగటివ్ తీగను విప్పి పక్కన పెట్టండి’ అనండి. మెట్ల లైనులో వచ్చే ఫ్యూజు సాధారణంగా 30 ఆంపియర్లది, కిట్టులో ఏది ఇస్తే అదే వేయాలి. దాన్ని చివర్లో, తీగలన్నీ కలిపాకే ‘పెట్టాలి’. ఫ్యూజుకూ ‘బిగించు’ నప్పదు. తీగలను సైలెన్సర్ గొట్టానికీ కదిలే కీళ్లకూ ‘దూరంగా కట్టండి’. ‘జాగ్రత్తగా కట్టండి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

‘డ్రైవరు వైపు’ అన్నది మరో ఉచ్చు. అమెరికాలో అది ఎడమ, ఇక్కడ కుడి. మీ వ్యాసం గుంటూరులో ఒకరు చదివి తమ బండికి పని మొదలుపెడితే మోటారు కీలు ఏ పక్కది ఏ పక్కకో వెళ్తుంది. ‘సీట్లో ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు ఎడమ వైపు’ అని ఒకసారి చెప్పేసి, తర్వాత ఎడమ, కుడి అనే రాయండి.

‘తలుపు మూయగానే ముడుచుకుంటుంది’ అని రాసి ఉంటే, అదీ సరిచూసుకోండి. ‘తీయగానే’ దిగడం నిజమే, మూశాక మాత్రం కొన్ని క్షణాలు ఆగుతుంది. ‘మూసిన కాసేపటికి’ అనాలి. లేకపోతే ఆ ఆలస్యాన్ని లోపమనుకుని వైర్లు విప్పుతారు.

మెట్టు కదలకపోతే మెకానిక్కులనే మాట ‘బిగుసుకుపోయింది’. మీరూ అదే వాడండి, ‘నిష్క్రియమైంది’ వద్దు. ఎక్కువసార్లు కారణం కీళ్లలో చేరిన బురద. తలుపు తీసి మెట్టు దింపి, కీళ్లను నీళ్లతో కడిగి, ఆరాక తేలికపాటి లూబ్రికెంటు స్ప్రే ‘కొట్టాలి’. గ్రీజు ‘రాయకూడదు’, అది ఇసుకను పట్టుకుంటుంది. స్ప్రే మెట్టు పైభాగాన పడితే తుడిచేయమని రాయండి, కాలు జారుతుంది.