ముందు ఒక్క కాపీ తెప్పించుకో, తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన నీ కథల పుస్తకం పీడీఎఫ్ నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివేశా, 184 పేజీలు. కథలు బాగున్నాయి. వాటి గురించి తీరిగ్గా ఇంకోసారి రాస్తా, ఇప్పుడు మాత్రం 47వ పేజీ సంగతే మాట్లాడాలి, దానివల్ల నాకు రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

ఆ పేజీ కథలో సిరిసిల్లలో బీడీలు చుట్టే ఆ తల్లి, ముప్పై ఏళ్ళుగా కార్ఖానాలోనూ వాడలోనూ అందరికీ లచ్చవ్వే. చివర్లో పింఛను కాగితం చేతికొస్తే కొడుకుని కూర్చోబెట్టి తన పేరు చదివించుకుంటుంది, రాజ్యలక్ష్మి అని వాడు చదివితే ఇంకోపాలి చదువు బిడ్డా అంటుంది, అక్కడితో కథ అయిపోతుంది. అక్కడికొచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది. తీరా ఆ పేరు నీ పీడీఎఫ్‌లో ఎలా ఉందో చూశావా? రాజ్‌యలక్‌ష్‌మి. వత్తులన్నీ ఊడిపోయి పొల్లులు పొల్లులుగా వరసగా నిలబడ్డాయి. కథంతా ఏ పేరు కోసం నడిచిందో ఆ పేరే విరిగిపోయింది, నువ్వేమో అది చూసుకోకుండా ఆ ప్రింట్ ఆన్ డిమాండ్ కంపెనీ వాళ్ళు పుస్తకం వేసిపెడతామంటున్న 24,999 రూపాయల ప్యాకేజీ తీసుకోనా 39,999ది తీసుకోనా అక్కా అని అడుగుతున్నావు. కోపం వచ్చింది. కోపంలోనే రాస్తున్నా, ఏమనుకోకు.

ప్రింట్ ఆన్ డిమాండ్ అంటే ఏంటో నీకు తెలుసు అనుకుంటున్నావు కానీ, ఆ కంపెనీ నుంచి ఫోన్లో మాట్లాడిన అమ్మాయి చెప్పిందే నీకు తెలుసు. అది అచ్చుయంత్రం తమ్ముడూ, ప్రచురణకర్త కాదు. ఎవరో ఒకరు ఆర్డర్ ఇస్తే నీ ఫైలు తీసుకుని డిజిటల్ మిషన్ మీద ఆ ఒక్క కాపీ కొట్టి, బైండ్ చేసి, పోస్టులో పంపుతారు. అంతే పని. ఆఫ్‌సెట్‌లో అయితే ప్లేట్లు చేయాలి, మిషన్ సెట్ చేయాలి, ఆ ఖర్చు పది కాపీలకైనా వెయ్యికైనా ఒకటే కాబట్టి ఎక్కువ వేస్తేనే ఒక్కోటి చవకపడుతుంది. ఇక్కడ ప్లేట్లు లేవు, మొదటి కాపీకి ఎంతో వందో కాపీకీ దాదాపు అంతే. ఒక్కో కాపీ ఖరీదెక్కువ, కానీ ఇల్లంతా కట్టలు పేర్చుకోనక్కర్లేదు. ఇందులో నువ్వు ముందుగా 39,999 కట్టాల్సిన అవసరం ఎక్కడుంది చెప్పు? బెంగళూరు పోతి డాట్ కామ్ 2008 నుంచి ఉంది, చెన్నై నోషన్ ప్రెస్ 2012 నుంచి ఉంది, రెండిట్లోనూ నీ ఫైలు నువ్వే తయారుచేసి ఎక్కించుకునే దారి ఉంది, ప్యాకేజీ కొనక్కర్లేదు. ప్యాకేజీలో వాళ్ళు చేస్తామనేది ఏంటి, అట్ట, లోపలి పేజీలు, ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరు, ఆన్‌లైన్ షాపుల్లో పెట్టడం, నాలుగు పోస్టర్లు. నెలాఖరు దాకానే ఆఫర్ అన్నారట, ఆ మాట విన్నప్పుడే ఫోన్ పెట్టెయ్యాల్సింది.

నాకెందుకింత మంట అంటే చెబుతా విను. 1996లో నా మొదటి కథల పుస్తకం వేశా. అప్పటికి పదమూడేళ్ళుగా వారపత్రికలకి రాస్తున్నా, అచ్చయిన కథలకంటే తిరిగొచ్చిన కవర్లే ఎక్కువ. అచ్చయినవి కూడా నావి నావిలాగా రాలేదు, మా ఒంగోలు వైపు ఆడవాళ్ళు వస్తన్నా, పోతన్నా అంటారు, నేను అలాగే రాస్తే ఒక ఎడిటర్ గారు ప్రతి చోటా వస్తున్నాను, వెళ్తున్నాను అని దిద్ది వేసేవారు, అడిగితే పాఠకులకి అర్థం కావాలి కదమ్మా అనేవారు. మా అమ్మకి ఆ కథ చదివి వినిపిస్తే ఇది ఎవరి గురించే అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు. సరే, పుస్తకమైనా నా మాటలతో వేసుకుందామని రెండు గాజులు తాకట్టు పెట్టి విజయవాడలో వెయ్యి కాపీలు వేయించా. వేసిపెట్టిన ఆయన అంతా నేను చూసుకుంటానమ్మా అన్నాడు, ప్రూఫులు కూడా మా వాళ్ళే దిద్దుతారు మీరు ఒంగోలు నుంచి తిరగడం ఎందుకు అన్నాడు, నేను నమ్మా. కాపీలు వచ్చాక చూస్తే రెండో కథలో ఆఖరి పేజీ లేదు, దాని చోట మూడో కథ మొదటి పేజీ రెండుసార్లు ఉంది. వెయ్యి కాపీల్లోనూ అంతే. ఆ పేజీ విడిగా సైక్లోస్టైల్ తీయించి ఒక్కో కాపీలో నా చేత్తో అంటించా, బడి నుంచి వచ్చాక రోజుకి ముప్పై నలభై చొప్పున. మూడొందల దాకా అంటించి ఆపేశా. మిగిలినవి మంచం కింద ఉన్నాయి, రెండు వానాకాలాలు గడిచాక చెదలు పట్టాయి. ఇంప్రింట్ పేజీలో ప్రతులకు: అని మా ఇంటి అడ్రసు వేసుకున్నా కదా, ఆ అడ్రసుకి ప్రతులు కావాలని వచ్చిన ఉత్తరాలు పదకొండు. గాజులు విడిపించుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

అప్పుడు నాకు ఇలాంటిది ఉంటే ఎంత బాగుండేది అని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక్క కాపీ వేయించుకుని చూసుకుని ఉంటే ఆ పేజీ ముందే దొరికేది. అందుకే నీకు చెబుతున్నా, ఏ సర్వీసు మంచిది అనే ప్రశ్నకి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. అమ్మకానికి పెట్టకముందు, పెద్ద మొత్తం కట్టకముందు, నీ పుస్తకం ఒక్క కాపీ నీ డబ్బుతో కొనుక్కోనిస్తారా? ఇస్తే మంచిదే. తర్వాత చూద్దామండీ, పీడీఎఫ్ ప్రూఫ్ చాలండీ అంటే ఇంకో చోటికి పో. స్క్రీన్ మీద కనిపించింది కాగితం మీద కనిపించదు, కాగితం మీద కనిపించింది స్క్రీన్ మీద కనిపించదు, తెలుగుకి ఇది మరీ నిజం.

ఎందుకంటే మన లిపి నిలువుగా కూడా పెరుగుతుంది. పైన గుడి, కింద వత్తు, కొన్నిసార్లు వత్తు కింద ఇంకో వత్తు. ఇంగ్లీషు పుస్తకానికి చేసిన టెంప్లేట్‌లో మన అక్షరాలు పోస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి, నీ 112వ పేజీలో స్త్రీ అనే మాట రావొత్తు కింది లైనులో వీధి గుడి మీదకి దిగిపోయింది చూడు. 12 పాయింట్ అక్షరం పెట్టుకుంటే లైనుకి లైనుకి 18 అయినా ఇవ్వు, పేజీలు పెరిగితే పెరగనీ. వత్తులు ఊడటం వేరే జబ్బు. నువ్వు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి ఉంటావు, అది ఎవరో ఇన్‌డిజైన్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో పోసి ఉంటారు, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒకటుంటుంది, అది పెట్టకపోతే మన సంయుక్తాక్షరాలు ఇలాగే విరుగుతాయి. పాత డీటీపీ వాళ్ళయితే యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు, అందులో మార్చేటప్పుడు వేరే తప్పులు పుడతాయి, అవి మాట మాట చదివితే తప్ప దొరకవు. ఫాంట్ పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయిందో, అంటే ఫైలులోనే కలిసి ఉందో లేదో కూడా చూసుకో, లేకపోతే వాళ్ళ మిషన్ దగ్గర ఇంకేదో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. ఇంకోటి, పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెన్ను దగ్గర జిగురుతో అంటించిన పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి మార్జిన్ బయటి దానికంటే ఎక్కువ ఉండాలి, నీ ఫైలులో రెండూ ఒకటే ఉన్నాయి, వేళ్ళతో వెన్ను విరిస్తే తప్ప లైను చివరి అక్షరం కనపడదు.

ఇవన్నీ ప్యాకేజీ వాళ్ళు చూస్తారు కదా అంటావేమో. నీకు ఫోన్ చేసిన వాళ్ళు నమూనాకి చేసి పంపిన పీడీఎఫ్ ఇదే అని నువ్వే రాశావు. చూశారా మరి? చూడరు తమ్ముడూ, అక్కడ కూర్చున్నవాళ్ళకి తెలుగు చదవడం రావాలని రూలేం లేదు. ఎడిటర్ లేడు, నా మాట మార్చేవాడు లేడు అని మనం సంతోషపడతాం, నేనూ పడ్డా, కానీ ఎడిటర్‌తో పాటు ప్రూఫ్ రీడర్ కూడా పోయాడు, ఆ పని ఇప్పుడు మన నెత్తిన ఉంది. 1983లో తెనాలిలో ఒక చిన్న పత్రిక వాళ్ళ ప్రెస్సుకి నా కథ గ్యాలీ ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు దిద్దుకోవడానికి తీసే కాగితం చూడ్డానికి వెళ్ళా. చేత్తో అక్షరాలు పేర్చే రోజులు. ఆ కంపోజిటర్ ముసలాయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గట్టిగా చదువమ్మా నేను వింటా అన్నాడు, చదువుతుంటే ఆయన అచ్చులో వేలు పెట్టి తిరగేసి ఉన్న అక్షరాలు చదువుకుంటూ వచ్చాడు, ఒక చోట ఆపి ఇక్కడ నువ్వు ళ అంటున్నావు కాగితంలో ల రాశావు, ఏది ఉంచను అని అడిగాడు. నా అక్షరం గురించి నన్ను అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఆ తర్వాత ఎవరూ లేరు. నీ ఒక్క కాపీ వచ్చాక నువ్వూ అలా గట్టిగా చదువు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఫైలు చూడమను.

ఐఎస్‌బీఎన్‌కి వాళ్ళు డబ్బులు అడుగుతున్నారన్నావు. మన దేశంలో అది ఉచితం. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ అని ఉంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు, రచయిత తన పేరుతోనే తీసుకోవచ్చు. ప్యాకేజీ వాళ్ళిచ్చే నంబరు వాళ్ళ పేరు మీద ఉంటుంది, రేపు ఇంకో చోటికి మారితే అది నీతో రాదు. అట్ట ఫైలు, లోపలి ఫైలు, రెండూ తెరిచి దిద్దుకోగలిగే రూపంలో నీ దగ్గర ఉండాలి, ఒట్టి పీడీఎఫ్ కాదు. అగ్రిమెంట్‌లో హక్కులు ఎన్నేళ్ళు అని రాశారో చూడు, మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో చూడు.

అమెజాన్ కేడీపీ, అదే రచయితలు తమ పుస్తకం తామే అమెజాన్‌లో పెట్టుకునే సర్వీసు, దాని గురించి అడిగావు. 2016 చివర్లో వాళ్ళు కిండిల్‌లోకి భారతీయ భాషలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చారు, తెలుగు లేదు. ఫైలు తయారుచేసుకునే ముందు వాళ్ళ భాషల లిస్టు చూసుకో, అచ్చు పుస్తకానికి వేరే, ఈబుక్‌కి వేరే. డల్లాస్‌లో ఉన్న మీ మేనమామ లాంటివాళ్ళకి ఇక్కడి నుంచి ఒక్క కాపీ పంపితే పుస్తకం వెలకంటే పోస్టేజీ ఎక్కువవుతుంది, అక్కడే అచ్చయ్యే దారి ఏదైనా దొరికితే మంచిదే.

లెక్క కూడా ఒకసారి వేసుకో. వెల 200 పెట్టావనుకో, అచ్చుకి 110 పోయిందనుకో, అమ్మిపెట్టినందుకు 40 పోయిందనుకో, నీకు మిగిలేది 50. 39,999 తిరిగి రావాలంటే ఎనిమిది వందల కాపీలు అమ్మాలి. నా పుస్తకాల్లో ఎనిమిది వందలు దాటింది ఒక్కటే, అది కూడా పన్నెండేళ్ళకి. అదే డబ్బులో పది వేలు మంచి డీటీపీ మనిషికి ఇవ్వు, వత్తు ఊడితే నొచ్చుకునే మనిషికి, విజయవాడలోనూ హైదరాబాదులోనూ ఇంకా ఉన్నారు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో పెట్టడానికి నీకు ఓ యాభై వంద కాపీలు కావాలి, అవి అక్కడి ప్రెస్సుల్లోనే డిజిటల్‌లో వేస్తారు, దగ్గరుండి చూసుకోవచ్చు. అడిగేవాళ్ళు పెరిగి మూడొందలు ఐదొందలు కావాల్సొచ్చిన రోజున ఆఫ్‌సెట్‌కి పో, అప్పటికి నీ తప్పులన్నీ ఏరేసి ఉంటావు.

ముందుమాటలు నాలుగు వేస్తున్నావట. నన్నూ ఒకటి రాయమన్నావు. నేను రాయను, మిగతా మూడూ కూడా తీసెయ్. లచ్చవ్వ గురించి ముందే ముగ్గురు పెద్దమనుషులు చెప్పేస్తే చదివేవాడికి ఏం మిగులుతుంది? పేజీకి ఇంత అని లెక్కకట్టే చోట ఆ ఇరవై పేజీల ఖర్చు కూడా కొనేవాడి మీదే పడుతుంది.

నీ కథలోనే ఒక చోట రాశావు, ఆమె కట్ట కట్టబోయే ముందు ఒక్కో బీడీని దీపం వైపు ఎత్తి చూసుకుంటుందని, ఆకు చిరిగితే రేపు కార్ఖానాలో పక్కన పడేస్తారు, తంబాకు నష్టం తన కూలీలో కోస్తారు అని. చూసి రాసినవాడివే కదా అది.

ఈ వారంలో ఆ పేరు సరిచేయించు, లైన్లు ఎడం చేయించు, ఒక్క కాపీ తెప్పించుకో. రాగానే 47వ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. కొరియర్ కవర్ మీద నుంచి కాదు, పుస్తకం తెరిచి, ఎండలో పెట్టి తియ్యి.

మీ అక్క