వాకిలికి కాగితపు తోరణం, గోడకు కుచ్చిళ్ల పువ్వు

ప్రశ్న: వరలక్ష్మీ వ్రతానికి పచ్చ కాగితంతో మామిడాకుల తోరణం కట్టాను. రెండో రోజుకే ఆకుల కొనలు పైకి చుట్టుకుపోయాయి. కాగితం మంచిది కాదా? ఇంకా మందం కొనాలా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మందం పెంచినా చుట్టుకుంటుంది. తప్పు కత్తిరించిన దిక్కులో ఉంది. బట్టకు పడుగు ఉన్నట్టే మిల్లు కాగితానికి నార వాటం ఉంటుంది. ప్రెస్సుల్లో దీన్నే గ్రెయిన్ అంటారు. గాలిలో తేమ తగిలితే కాగితం నారకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నార వెంబడి చాలా తక్కువ. ఆకు పొడవు నారకు అడ్డంగా పడితే కొన చుట్టుకోవడం ఖాయం.

నార ఎటుందో తెలుసుకోవడానికి షీటును మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఎటు వంచితే తేలిగ్గా ఒంగిందో ఆ వంపు గీత వెంబడే నార ఉంది. ఆకు ఈనె ఆ గీతకు సమాంతరంగా రావాలి.

రెండు వైపులా రంగున్న 160 లేదా 180 జిఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఎ4 షీట్లు తీసుకోండి. ఆకు పొడవు 14 సెం.మీ., వెడల్పు 5 సెం.మీ. నార షీటు పొడవునా ఉంటే వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు, మొత్తం ఎనిమిది ఆకులు వస్తాయి. మూడడుగుల వాకిలికి ఆకుకూ ఆకుకూ మధ్య 1 సెం.మీ. వదిలితే 15 ఆకులు పడతాయి కాబట్టి రెండు షీట్లు చాలు. నార అడ్డంగా ఉంటే షీటుకు ఐదే ఆకులు, అంటే మూడు షీట్లు.

ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి నడిమి ఈనె గీయండి, ఆ గీత మీద మడిచి సగం తెరవండి. ఈ మడతే ఆకుకు వెన్నెముక, దీన్ని మానకండి. పైన 1.5 సెం.మీ. వదిలి, దాన్ని జనపనార దారం మీదుగా వెనక్కి మడిచి అంటించండి. జిగురు ఆ మడత లోపలే, పలచగా రాయాలి. జిగురులో ఉండేది కూడా నీళ్లే కదా, ఆకంతా పూస్తే తేమ తగిలినట్టే వంకర పోతుంది.

ప్రశ్న: చవితి మండపం వెనక గోడకు కుచ్చిళ్ల పువ్వులు చేస్తున్నాను. చిన్నవి బాగానే వస్తున్నాయి, పెద్దవి గుండ్రంగా పరుచుకోవడం లేదు. బలవంతంగా లాగితే అతుకు ఊడిపోతోంది.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇది చేతివాటం లోపం కాదు, కాగితం పొడవు చాలలేదు. కుచ్చిళ్లుగా మడిచే కాగితపు పట్టీ వెడల్పే పువ్వుకు వ్యాసార్ధం. పువ్వు అంచు పూర్తి చుట్టు తిరగాలంటే పట్టీ పొడవు వెడల్పుకు కనీసం 6.3 రెట్లు ఉండాలి. అయితే అంతే ఉంటే కుచ్చిళ్లన్నీ విప్పుకుని పువ్వు బోసిగా కనిపిస్తుంది. కాబట్టి 8 రెట్లకు తగ్గవద్దు.

మీరు ఎ4 షీటును పొడవునా రెండుగా చీల్చి అతికించి ఉంటే పట్టీ 59 సెం.మీ., వెడల్పు 10.5 సెం.మీ. దానికి పూర్తి చుట్టు తిరగడానికే 66 సెం.మీ. కావాలి, 8 రెట్ల లెక్కన 84. అలాంటి ముక్క ఇంకొకటి చేర్చండి, 89కి దగ్గరగా వస్తుంది. అతుకులకు పోయేది పోయినా సరిపోతుంది. చిన్న పువ్వుకైతే ఒకే షీటును 7 సెం.మీ. పట్టీలుగా మూడు చేసి కలిపితే 14 సెం.మీ. పువ్వు నిండుగా వస్తుంది.

దీనికి 80 నుంచి 100 జిఎస్ఎం కాగితమే మేలు. కుచ్చిళ్లు 1 సెం.మీ. ఒక్కటి. మొదటి రెండు మూడు సరిగ్గా కొలవండి, మిగిలినవి వాటికి ఆనించి అదే కొలతకు మడవచ్చు. పట్టీలు కలిపేటప్పుడు ఒకదాని చివరి కుచ్చి పైకి, రెండోదాని మొదటిది కిందికి ఉండాలి. రెండూ ఒకే వైపుకు వస్తే అక్కడ గూడు కట్టినట్టు లేస్తుంది. అలా వస్తే ఒక కుచ్చి కత్తిరించేయండి.

నడుమ 4 సెం.మీ. గట్టి అట్ట బిళ్లలు ముందొకటి, వెనకొకటి అంటించి, మీద బరువైన పుస్తకం పెట్టి అరగంట వదలండి. పెద్ద పువ్వులు ఊడేది ఎక్కువగా ఈ అరగంట ఆగకపోవడం వల్లే.

ప్రశ్న: ఇంట్లో పెళ్లిపత్రికలు కుప్పగా ఉన్నాయి. వాటితో ఏమైనా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: పైన చెప్పిన బిళ్లలకు అంతకన్నా మంచి అట్ట దొరకదు. కుచ్చిళ్లకు మాత్రం వాడకండి, మడత మీద పగులుతుంది. నున్నటి పూత ఉన్నచోట జిగురు పట్టదు, 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది అంటించండి. మన వైపు పత్రికల మీద శ్రీవారి బొమ్మ, అమ్మవారి బొమ్మ తప్పకుండా ఉంటాయి. కత్తెర పెట్టేముందే వాటిని జాగ్రత్తగా వేరు చేసి దాచండి. తెలియక చేసినా మనసుకు కష్టమే.

ప్రశ్న: మైదా బంకతో అంటించినవాటికి పురుగు పడుతోంది. మైలుతుత్తం కలపమంటున్నారు.
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: పిల్లలు తిరిగే ఇంట్లో మైలుతుత్తం వద్దు, అది విషం. రెండు టేబుల్ స్పూన్ల మైదాను పావు కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ముప్పావు కప్పు మరిగే నీళ్లలో పోసి, చిన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. తెల్లదనం పోయి కాస్త నిగారింపు రాగానే దించి అర టీస్పూను పటిక పొడి వేయండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. పటిక బంక పులవడాన్ని ఆలస్యం చేస్తుంది గాని బొద్దింకను, పుస్తకాల పురుగును ఆపదు. వాటికి కావలసింది ఆ గంజే. అందుకే పండగ కాగానే తీసేసేవాటికే మైదా బంక. ఏడాది దాచుకోవాలనుకుంటే తెల్ల ఫెవికాల్ వాడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య వానలు కాబట్టి, అలాంటివి గోడమీద వదలకుండా బాగా ఆరబెట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: కార్తీకంలో కాగితపు ఆకాశదీపంలో ప్రమిద పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. ఎంత పెద్దది చేసినా గాలికి ఒక్కసారి ఊగితే చాలు, అంటుకుంటుంది. కాగితం లోపల బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ, ప్రమిద తులసికోట దగ్గర.