చేతులు ఆగిన చోటు

పర్లాకిమిడి,
ఆశ్వయుజ మాసం.

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన మూడు కథలూ అందాయి. కథల సంగతి ఇంకో ఉత్తరంలో తీరిగ్గా రాస్తాను. ముందు నీ ఉత్తరం చివర్లో, అంచున ఇరికించి రాసిన మాటకి జవాబు చెప్పాలి. “రోజూ పొద్దున్నే లేచి నోట్‌బుక్ తీస్తున్నాను పెద్దమ్మా, ఏమీ తోచడం లేదు. గుణుపురంలో రాయడానికి ఏముంది?” అన్నావు. ఆ మాట చదివి నాకు మనసు కలుక్కుమంది. ఇరవై మూడేళ్ల వయసులో ఇదే మాట నేను ఇదే ఊళ్లో కూర్చుని అనుకున్నాను. కథలన్నీ విజయనగరంలోనూ రాజమండ్రిలోనూ పుడతాయనీ, ఇటు ఒడిశాలో ఉండిపోయిన మనకి ఏమీ మిగల్లేదనీ నమ్మాను.

అప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. నా మొదటి కథ ఒక పత్రిక నుంచి తిరిగొచ్చింది. శివరాత్రికి ఒక ముసలాయన మహేంద్రగిరి ఎక్కడం అందులో కథ. 1501 మీటర్ల కొండ, పైన భీముడి గుడి, కుంతి గుడి, మంచు, సూర్యోదయం, అన్నీ పెట్టాను. సూర్యోదయమే రెండు పేజీలు. కవరు విప్పి చూసుకుని గుమ్మంలో కూలబడ్డాను. అదే వేళకి పాతపట్నం వైపు నుంచి ఏరు దాటి కూరల గంప నెత్తిన పెట్టుకుని రోజూ వచ్చే మనిషి వచ్చింది. గంప దింపి, నా మొహం చూసి, “ఏటమ్మా, మొకం అలాగైపోనాది?” అంది. చెప్పాను. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అయినా మెట్టు మీద కూర్చుని, “ఏటి రాసినావో నాకు సెప్పు, ఇంటాను” అంది.

నేను కథ చెబుతున్నాను, ఆవిడ గోంగూర కట్టలు కడుతోంది. నాలుగైదు కాడలు తీసి, మొదళ్లు సమానంగా తట్టి, అరటి నారతో రెండు చుట్లు చుట్టి పక్కన పడేస్తోంది. సూర్యోదయం చెప్పినంతసేపూ చేతులు ఆడుతూనే ఉన్నాయి. కొండ వర్ణన చెప్పాను, కట్టలు పడుతూనే ఉన్నాయి. ముసలాయన తువ్వాలు కొంగులో పసుపు కొమ్ము ఒకటి మూటకట్టుకొచ్చాడనీ, అది చనిపోయిన భార్యదనీ, కొండకొస్తానని మొక్కుకుని ఆవిడ రాలేకపోయిందనీ, అందుకని దాన్ని కుంతి గుడి గడప దగ్గర పెట్టాడనీ చెప్పాను. చేతులు ఆగిపోయాయి. నార ఒక చుట్టు దగ్గరే ఉండిపోయింది. కాసేపటికి, “ఆ ముసిలోడు కొండ దిగినాక ఏటి సేసినాడమ్మా? ఇంటికెల్లినాడా?” అని అడిగింది.

నేను రాసిన దాంట్లో పసుపు కొమ్ము ఒక్క వాక్యం. కొండ దిగడం అసలు లేదు. ఆ రాత్రి కూర్చుని, ముసలాయన కొండ దిగి, తాళం తీసి, చీకటింట్లోకి అడుగు పెట్టడం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాశాను.

ఇప్పటికీ ఏ వాక్యం రాసినా, ఆ చేతులు ఇక్కడ ఆగుతాయా అని చూసుకుంటాను. నాకు మంచి మాట అంటే అదీ. “బాగా రాశావు” అని నన్ను మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరికీ రుణపడి ఉన్నాను. కానీ నన్ను మర్నాడు పొద్దున్నే కలం పట్టించింది, పని ఆపి నా వైపు తిరిగి “తర్వాతేమైంది” అని అడిగిన మనిషి. నీకూ అలాంటి వాళ్లున్నారు. ఎవరు నీతో ఏ మంచి మాట అన్నారో, ఎలా అన్నారో, వాళ్ల యాసలోనే ఆ రోజు రాత్రి రాసిపెట్టుకో. నువ్వూ రోజుకి ఒక్కసారైనా ఎవరినైనా అలా అడుగు. నీకు రాయడానికి కావలసింది చాలావరకు వాళ్ల జవాబుల్లోనే దొరుకుతుంది.

యాస అన్నాను కాబట్టి ఇంకొకటి. నీ రెండో కథలో అమ్మమ్మ బజారుకెళ్లి “పనిపరిబా” తెస్తుంది. దాన్ని కొట్టేసి పైన “కూరగాయలు” అని రాశావు. ఎందుకమ్మా? మీ అమ్మమ్మ ఆ మాటే అంటే ఆ మాటే ఉంచు. పక్కింటావిడని మావుసీ అని పిలిచే పిల్ల కథలో పిన్నిగారూ అని పిలిస్తే ఆ పిల్ల ఎవరో మరి! ఒడియా బళ్లో చదువుకున్నందుకు నీ తెలుగు పాడైపోయిందని బాధపడకు. మన నోళ్లలో ఉన్న తెలుగుని విని రాసుకోవడానికి సిగ్గెందుకు? దాని కోసం పోరాడిన మహానుభావుడు మా ఊళ్లోనే ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో, పదిహేడేళ్ల వయసులో, ఇక్కడి రాజావారి బడికి పంతులుగా వచ్చారు. ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష మాట్లాడేవాళ్లని ఇంట్లో పెట్టుకుని, వాళ్ల నోటి మాట వినీ వినీ ఆ భాష నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరుగుతుంటే జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. శబ్దమే ప్రాణంగా బతికే మనిషికి చెవులు పోయాయి. అయినా పని మానలేదు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. బతికున్న తెలుగు బడి పుస్తకాల్లోకి రావాలని వాదించిందీ ఆయనే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నాకు ఏమీ తోచని పొద్దుల్లో ఆయన్ని తలుచుకుంటాను. రెండు చెవులూ బాగా వినపడే నేను, తోచలేదని ఎలా అనగలను?

నువ్వు భక్తి గురించి కూడా అడిగావు, దేవుణ్ణి నమ్మితేనే రాయగలమా అని. నమ్మకం నీ సొంతం, దానికి నేను కొలతలు చెప్పను. నా సంగతి చెబుతాను. కాగితానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోమని మా అమ్మ నేర్పింది. ఇప్పటికీ అద్దుకుంటాను. అలా అద్దుకున్న చేత్తో అబద్ధపు వాక్యం రాయబుద్ధి కాదు. మీ గుణుపురం చుట్టుపక్కల కొండల్లో ఈ భక్తి ఇంకా ముందుకెళ్లింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది, మన ఊళ్లు ఇటు వచ్చాయి, గిడుగువారు ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడాది సవరల్లో మంగై గొమాంగో అనే ఆయన తన భాషకి సొరాంగ్ సొంపెంగ్ అని లిపి కట్టారు. 24 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక దేవత పేరు. అక్షర బ్రహ్మ అని ఆ అక్షరాలకే పూజ చేస్తారు. ఎప్పుడైనా నీ నోట్‌బుక్ మీద విసుగొస్తే, మీ ఊరికి దగ్గర్లోనే అక్షరాన్ని దేవుడిగా కొలిచేవాళ్లున్నారని గుర్తు తెచ్చుకో.

ఇక చెట్టూ ఏరూ. “ప్రకృతి అందంగా ఉంది” అని నీ మూడు కథల్లోనూ ఉంది. అది చూడకుండా కూడా రాయొచ్చు. ఫాల్గుణం వెళ్లే రోజుల్లో తెల్లారకుండా ఒక ఇప్ప చెట్టు కిందికి వెళ్లు. పూలు చీకట్లోనే రాలతాయి. ఏరుకునేవాళ్లు చెట్టు కింద ముందే ఊడ్చి శుభ్రం చేసి ఉంచుతారు. పువ్వు చేతిలోకి తీసుకో, రేకులా పల్చగా ఉండదు, చిన్న పండులా కండ పట్టి ఉంటుంది, వేళ్లకి తీపి జిగురు అంటుతుంది. ఎవరు ఎన్ని గంపలు నింపారు, ఎవరు ఎవరి చెట్టు కింద అడుగు పెట్టారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అంతా అక్కడే తెలుస్తుంది. నీకు ఇంటి దగ్గర వంశధార ఉంది. రోజూ ఒకే రేవుకి ఒకే వేళకి వెళ్లి, నిన్న లేనిది ఇవాళ ఏముందో ఒక్కటి పట్టుకుని ఇంటికి రా. ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ రాయనిదే కాఫీ ముట్టుకోకూడదని నేను నియమం పెట్టుకున్నాను. నలభై ఏళ్లుగా అదే నడుస్తోంది.

రాబోయేది కార్తీకం. ఇక్కడ నేను ఏటా చూసేది ఒకటి ఉంది, దాని మీద ఇంతవరకు సరిగ్గా రాయలేకపోయాను. మా పక్కింటి మావుసికి కార్తీకం పున్నమితో అయిపోతుంది, మనకి అమావాస్య దాకా ఉంటుంది. పున్నమి తెల్లవారుజామున ఆవిడ అరటి డిప్పతో పడవ చేసి, తమలపాకు, వక్క, దీపం పెట్టి మా ఊరి ఏరు మహేంద్రతనయలో వదులుతుంది. సముద్రం మీద వ్యాపారానికి వెళ్లిన పూర్వీకుల తలపు అది. పదిహేను రోజుల తర్వాత, పోలి పాడ్యమి నాడు, అదే రేవులో అరటి డిప్పలోనే నేను నా దీపం వదులుతాను. మిగిలిన అరటి బోదె ముక్కని ఆవిడ నా కోసం తడిగుడ్డ చుట్టి ఉంచుతుంది. మా అమ్మ పోయిన ఏడాది నేను ఏటికి వెళ్లలేదు. ఆ తెల్లవారుజామున మావుసి తలుపు తట్టి, “ఖాయిలు కి మా?” అని అడిగింది. తిన్నావా తల్లీ అని. ఆవిడ చేతిలో అరటి డిప్ప, వత్తి వేసి సిద్ధంగా ఉంది.

ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటాయి, మెట్లు దిగలేదు. ఈసారి రెండు దీపాలూ నేనే తీసుకెళ్లాలి. నువ్వు వస్తావా? అమావాస్య నాటి సాయంత్రానికి గుణుపురంలో రైలెక్కి వచ్చెయ్, రాత్రికి మా ఇంట్లో పడుకుందువు గాని. నోట్‌బుక్ తెచ్చుకో. చలిగా ఉంటుంది, శాలువా కూడా. నీకూ ఒక డిప్ప కోయించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ