నెత్తి మీద గడ్డకి ఆపరేషన్ అంటే గుండు చేయించాల్సిందేనా?

మీ అత్తగారికి నడినెత్తి మీద ఉసిరికాయంత గడ్డ, సోమవారం పొద్దున ఆపరేషన్, ఆదివారం సాయంత్రమే మంగలిని ఇంటికి పిలిపించి గుండు చేయించేస్తే డాక్టర్లకి పని తేలికవుతుంది కదా అని అడిగారు. వద్దండీ. ముందు ఆ మంగలికి ఫోన్ చేసి రావద్దని చెప్పి, మిగతాది తీరిగ్గా చదవండి.

నేను 22 ఏళ్లుగా ఆపరేషన్ థియేటర్లో నర్సుని. చేరిన కొత్తలో మేమూ అదే చేసేవాళ్లం. రేపు ఆపరేషన్ అంటే ఈ రాత్రే వార్డుబాయ్ ఒక ఫోర్సెప్స్‌కి సగం బ్లేడు బిగించి, సబ్బు నురగ రాసి గొరిగేసేవాడు. నున్నగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టేనని మా లెక్క. కానీ బ్లేడు వెంట్రుకతో ఆగదు, పైచర్మాన్నీ గీరుతుంది. కంటికి ఆనని ఆ గాట్లలో రాత్రంతా క్రిములు పెరుగుతాయి. తెల్లారి కత్తి పెట్టేది సరిగ్గా అక్కడే. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1971లోనే అమెరికాలో లెక్క తీశారు: బ్లేడుతో గొరిగినవాళ్లలో 5.6 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, అసలు తీయనివాళ్లలోనూ క్రీముతో తీసినవాళ్లలోనూ 0.6 శాతం మందికే. మీరు అడిగినదానికి జవాబు కూడా అందులోనే ఉంది. ఆపరేషన్‌కి కాస్త ముందు గొరిగితే 3.1 శాతం, 24 గంటల లోపు గొరిగితే 7.1, అంతకన్నా ముందే గొరిగేస్తే 20 దాటింది. తలకి రక్తప్రసరణ ఎక్కువ, అక్కడ గాయాలు త్వరగానే మానతాయి, నిజమే. అలాగని కోరి తెచ్చుకోవడం ఎందుకు? 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే రాసింది: జుట్టు తీయకండి, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో, అంటే జుట్టు కత్తిరించే మెషీన్‌తో, కత్తిరించండి, బ్లేడు మాత్రం ఎక్కడా ముట్టుకోకండి అని.

"ఎలాగూ తీసేస్తారు కదా, ఆ జుట్టేదో స్వామికే ఇచ్చేద్దాం" అని ముందురోజు కొండెక్కి, కల్యాణకట్టలో గుండు చేయించుకుని, గంధంతో నేరుగా హాస్పిటల్‌కి దిగేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతారు మాకు. భక్తిని నేను కాదనను. కానీ గాట్లు కనబడితే సర్జన్ వాయిదా వేస్తారు. మొక్కు గాయం మానాక తీర్చుకోవచ్చు. మీ అత్తగారికి గుండు ఇష్టం లేకపోతే మూడు కత్తెరలిచ్చినా స్వామి ఏమీ అనుకోడు.

ఇష్టం అనే మాట ఊరికే అనలేదు. మా అమ్మకీ ఇలాంటి గడ్డే వచ్చింది, వేరే ఊళ్లో చేయించాం. నేను డ్యూటీ దిగి వెళ్లేసరికే సగం తల గొరిగేశారు. ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. గడ్డ చూస్తే గోళీకాయంత. కుట్ల నొప్పి గురించి అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. "మీ నాన్న బతికుండగానే నాకిది చేశారే" అంది. వాళ్ల మేనత్తకి చిన్నతనంలోనే భర్త పోతే తల గొరిగించి మూల కూర్చోబెట్టారట, అమ్మ చూసింది. మనకి వెంట్రుకలే, మళ్లీ వస్తాయి. నెలకి సుమారు సెంటీమీటరు. ఆ వయసు వాళ్లకి మాత్రం ఆ లెక్క చెప్పి ఓదార్చలేం.

ఆ తర్వాత నేను తలమీద కేసుల్లో జుట్టు పని ఎవరికీ వదల్లేదు. ఎలా చేస్తానో చెప్తాను. పేషెంటుని థియేటర్ బయటి గదిలో కూర్చోబెట్టి, గడ్డ ఎక్కడో డాక్టర్‌తో గుర్తు పెట్టించుకుంటాను. దువ్వెన తోకతో గడ్డ మీదుగా పాపిట తీసి, నీళ్లలో కరిగే జెల్లీ వేలికి రాసుకుని వెంట్రుకల్ని అటూ ఇటూ అణిచేస్తాను. చుట్టూ నాలుగైదు చిన్న పిలకలు, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు. పొట్టి వెంట్రుకలు లేస్తే టేపు. కోత పడే గీత వెంట వేలెడు వెడల్పున, అదీ డాక్టర్ కావాలంటేనే, క్లిప్పర్ పెడతాను. రాలిన తుక్కుని చేతికి ప్లాస్టర్ తిప్పి చుట్టుకుని అద్ది ఎత్తేస్తాను. దులిపితే ఎగిరి మళ్లీ అక్కడే వాలుతుంది. తర్వాత బెటాడిన్ జుట్టుకీ చర్మానికీ కలిపి పూస్తారు. చిన్న గడ్డలకి చాలాసార్లు క్లిప్పర్ అవసరమే పడదు. ఆపరేషన్ అయ్యాక పిలకలు వదిలి పై నుంచి దువ్వితే గాయం కనబడను కూడా కనబడదు.

ఎక్కువ జుట్టు తీయక తప్పని సందర్భాలూ ఉన్నాయి. క్యాన్సర్ అనుమానం ఉండి వెడల్పుగా తీయాల్సినప్పుడు, వేరేచోటి చర్మం తెచ్చి అతికేటప్పుడు, చీముతో జుట్టు అట్టకట్టుకుపోయినప్పుడు. అప్పుడు కూడా మెషీన్ పెట్టాల్సింది హాస్పిటల్లోనే, అదీ సరిగ్గా ఆపరేషన్‌కి కాస్త ముందు.

ఇక ఇంట్లో మీరు చేయాల్సింది. ఆదివారం శుభ్రంగా తలస్నానం చేయించండి. షాంపూ అయినా కుంకుడుకాయ అయినా సరే, రసం పిప్పి లేకుండా కడగాలి. డాక్టర్ మందు ద్రావణం ఏదైనా ఇచ్చి ఉంటే కళ్లలోకీ చెవుల్లోకీ పోనివ్వకండి. తర్వాత నూనె చుక్క కూడా వద్దు. నూనె తలకి టేపు అంటదు, మందూ సరిగా పట్టదు. తడి జుట్టుతోనూ తీసుకురాకండి. స్పిరిట్ కలిసిన మందు వాడితే అది జుట్టులో ఆరడానికి గంట పట్టొచ్చు. ఆరకముందే కాటరీ (రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం) పెడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది, అందుకే మేం అంత చాదస్తంగా ఉంటాం. పిన్నులు, స్లైడ్లు, సవరం, పూలు అన్నీ ఇంట్లోనే. పేలుంటే సిగ్గుపడకుండా ఇప్పుడే చెప్పండి, వారం ముందు తెలిస్తే మందు వాడొచ్చు, బల్ల మీద తెలిస్తే అందరికీ ఇబ్బంది.

సర్జన్‌ని ఒక మాట ముందే అడగండి: "జుట్టు ఎంత మేర తీస్తారు, తీయకుండా కుదురుతుందా?" ఈ ప్రశ్న మీరు కాదు, మీ అత్తగారినే అడగమనండి. కుట్లకి నీలం దారం వేయమని కూడా అనొచ్చు. నల్లదారం వేస్తే పదో రోజు నల్లజుట్టులో వెతుక్కోవాలి, ఒకసారి అరగంట వెతికాను నేను. మీ అత్తగారిది తెల్లజుట్టయితే ఈ గొడవే లేదు.

వెళ్లేటప్పుడు సంచిలో ఒక తోకదువ్వెన, డజను చిన్న రబ్బరు బ్యాండ్లు వేసుకోండి. లక్షల ఖరీదు చేసే మెషీన్లుంటాయి మా థియేటర్లలో, రబ్బరు బ్యాండ్లు మాత్రం ఏనాడూ ఉండవు.